జిల్మిలి రెక్కలు

మా ఇంటి కిటికీ రెక్కల్లో మొత్తం 176 పట్టీలున్నాయి. ఏటా దీపావళికి ముందు వాటిని ఒక్కొక్కటిగా తుడిచేది నేనే కాబట్టి ఈ లెక్కలో పొరపాటుకు తావు లేదు. ముందుగదిలో రెండు కిటికీలు, నడిమిగదిలో రెండు. కిటికీకి రెండేసి రెక్కలు. రెక్కకు ఇరవైరెండేసి పట్టీలు. అందులో ఒక్కటి మాత్రం తక్కినవాటి జాతిది కాదు. దాని సంగతి చెప్పాలనే ఇది మొదలుపెట్టాను గానీ, ముందు ఈ రెక్కలు ఎలా ఉంటాయో చెప్పకపోతే మీలో చాలామందికి బొమ్మ కట్టదు.

శాలిబండ దగ్గర పెద్దరోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో మా తాతగారు 1930లలో కట్టించిన ఇల్లు మాది. ఆయన సర్ఫెఖాస్ కచేరీలో గుమాస్తా. దేవిడీ కట్టించే స్తోమతు గుమాస్తాకు ఎక్కడిది? అయితే పనిమీద వెళ్ళినప్పుడు దేవిడీల్లో చూసిన ముచ్చట్లలో ఒకటీ అరా తన ఇంటికీ ఉండాలన్న కోరిక ఆయనకు గట్టిగా ఉండేదట. అందుకే మూరెడు మందం సున్నపుగోడలు, పైన రంగుటద్దాల రోషన్‌దాన్లు, కిటికీలకు వెలుపలివైపు నిలువు ఇనుపకడ్డీలు, లోపలివైపు గదిలోకి తెరుచుకునే టేకు రెక్కలు. ఆ రెక్కల్లో నిండు చెక్క ఉండదు. చట్రంలో ఒకదానిమీదికి ఒకటి వాలినట్టు సన్నని పట్టీలు వరుసగా అమర్చి ఉంటాయి. ప్రతి పట్టీకీ రెండు కొసల్లోనూ ఒక చిన్న ములుకు. ఆ ములుకు చట్రంలో తొలిచిన రంధ్రంలో తిరుగుతుంది. పట్టీల ముందంచులన్నిటినీ తీగ కొక్కేలతో ఒక నిలువు పుల్లకు తగిలిస్తారు. పుల్లను పైకి నెడితే ఇరవైరెండు పట్టీలూ ఒక్కసారిగా మూసుకుంటాయి, కిందికి లాగితే తెరుచుకుంటాయి. ఇంతే దీనిలోని యంత్రం. చిన్నప్పుడు దీన్ని మించిన ఆటవస్తువు మాకు ఇంట్లో మరొకటి లేదు. దెబ్బలు తినడానికి దీన్ని మించిన కారణమూ లేదు.

మే నెల పడమటి ఎండ పట్టీల వీపుమీద పడి అక్కడే ఆగిపోతుంది. గాలి మాత్రం సందుల్లోంచి లోపలికి వస్తుంది. లోపలివాళ్ళకు వీధి కనబడుతుంది గానీ, వీధిలోవాళ్ళకు లోపల చీకటి తప్ప ఇంకేమీ కనబడదు. పరదా పాటించే కుటుంబాలున్న ఈ పాతనగరంలో ఇలాంటి రెక్కలకు ఆదరణ ఎందుకు దొరికిందో వేరే చెప్పనక్కరలేదు.

దీన్ని తెలుగులో ఏమనాలన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. ఉర్దూ, హిందీలలో జిల్మిలి అంటారు. వెలుతురు తళతళమంటూ తునకలుగా పడుతుంది కాబట్టి చక్కని మాటే. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో కూడా జిల్‌మిల్ అన్న పదానికి చోటు దక్కింది. బెంగాలీలు దాని చప్పుడును బట్టి ఖడ్‌ఖడి అన్నారు. తమాషా ఏమిటంటే, ఇటలీవాళ్ళు దీన్ని పెర్సియానా అంటారు, ఫ్రెంచివాళ్ళు పెర్సియెన్ అంటారు. అంటే పారశీకులదని. ఇంగ్లీషువాళ్ళేమో పట్టీల తెరలకు ఇటలీలోని వెనిస్ పేరు తగిలించారు. ఎవరిని అడిగినా ఇది మాది కాదు, అదిగో వాళ్ళదని చెయ్యి చూపిస్తున్నారు. మనకు గవాక్షం ఉంది, అంటే ఆవుకన్ను. ఇంగ్లీషు విండో కూడా మొదట్లో ‘గాలికన్ను’ అనే అర్థమిచ్చే పాత నార్స్ మాటేనట. ఇన్ని కళ్ళున్నా రెప్పలకు మాత్రం మాట దొరకలేదు. నన్నడిగితే ‘రెప్పల కిటికీ’ అంటే బాగుంటుంది. ఇంట్లోవాళ్ళెవరూ ఒప్పుకోలేదు. వాళ్ళకది ఇప్పటికీ ‘పట్టీల కిడికి’.

సరే, తుడవడం.

ఈ పనిలో అందరూ చేసే మొదటి తప్పు తడిగుడ్డ పట్టుకోవడం. పట్టీల మీదున్నది దుమ్ము. నీళ్ళు తగలగానే అది బురదై ములుకుల రంధ్రాల్లోకి దిగి, ఆరాక సున్నంలా బిగుసుకుంటుంది. రెండేళ్ళు అలా చేస్తే పుల్ల కదలదు. బలవంతంగా నెడితే కొక్కెం ఊడి వస్తుంది. కాబట్టి ముందు పొడిగానే పని కానివ్వాలి. పట్టీలు పూర్తిగా మూసి ఒకవైపు, తిప్పి మూసి రెండోవైపు, పైనుంచి కిందికి మెత్తని కుంచెతో దులపాలి. కిందినుంచి మొదలుపెట్టినవాడు అదే పని రెండుసార్లు చేస్తాడు. మూలలకు నేను పాత షేవింగు బ్రష్షు వాడతాను. ఆ తరువాత వెదురుపుల్లకు పాత బనీను గుడ్డ చుట్టి, నీళ్ళలో ముంచి, పిండగలిగినంత పిండి, ఒక్కొక్క పట్టీనీ తుడవాలి. ఆ నీళ్ళలో కాస్త కుంకుడురసం కలుపుతాను. సోడా ఎక్కువున్న సబ్బులు పాత పాలిష్‌ను తినేస్తాయి. కుంకుడుకాయ అంత కర్కశం కాదు. వెంటనే పొడిగుడ్డతో తడి తీసేయాలి. ఇలా ఒక రెక్కకు ముప్పావుగంట పడుతుంది. ఎనిమిది రెక్కలకు ఎంతో మీరే వేసుకోండి. నేను రోజుకు రెండుకు మించి పెట్టుకోను, నడుము ఒప్పుకోదు.

ములుకులు బిగిస్తే నూనె పోయకూడదు. నూనె దుమ్మును పిలుచుకొస్తుంది. కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు, లేదా పెన్సిలు ముల్లు పొడిచేసి అద్దాలి. చెక్కకు మాత్రం నూనె కావాలి, అదీ అవిసెనూనే కావాలి. కొబ్బరినూనె, పల్లీనూనె పట్టించి మెరిసిందని మురిసిపోయేవాళ్ళను చూశాను. అవి ఎన్నటికీ ఆరవు, జిడ్డుగానే ఉండి ఏడాది పొడుగునా దుమ్ము తాగుతాయి. అవిసెనూనె గాలిలోని ఆమ్లజనిని పీల్చుకుని గట్టిపడే జాతి. సగానికి సగం టర్పెంటైన్ కలిపి, గుడ్డతో పలుచగా పట్టించి, ఓ పావుగంటాగి మిగిలింది తుడిచెయ్యాలి. ఒక హెచ్చరిక. ఆ నూనెగుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి అవి వాటంతటవే అంటుకుంటాయి. ఇది అతిశయోక్తి కాదు. దండెం మీద విడివిడిగా ఆరవెయ్యండి, లేదా బకెట్టు నీళ్ళలో ముంచెయ్యండి.

వానాకాలంలో ఈ పని పెట్టుకోకూడదు. చెక్క తేమ పీల్చి ఉబ్బి ఉంటుంది. ఎండలు ముదిరినప్పుడేమో పట్టీలు కుంచించుకుపోయి గడగడలాడుతుంటాయి. వానలు వెనుదీసిన ఆశ్వయుజమే అన్నివిధాలా అనువైన కాలం.

ఇదంతా ఇప్పటి జ్ఞానం. నా పదకొండో యేటి నుంచి దాదాపు ముప్పయ్యేళ్ళ పాటు మా రెక్కలకు ఈ వైభోగమేదీ అవసరం లేకపోయింది. ఎందుకంటే వాటికి పచ్చరంగు వేసి ఉండేది. దర్గా తలుపులకూ, పాత పోస్టాఫీసు బల్లలకూ వేసే ఆ ముదురుపచ్చ ఎనామిల్ రంగు రెండు పూతలు మా తేనెరంగు టేకు మీద పూసినది స్వయానా మా నాయన. 1991 ఉగాదికి. రంగు ములుకుల్లోకి కూడా దిగింది. పద్నాలుగు పట్టీలు తెరిచినవి తెరిచినట్టే, మూసినవి మూసినట్టే అతుక్కుపోయాయి. ఒక రెక్కలోనైతే పుల్ల అసలు కదిలేదే కాదు.

ఈ విషయంలో ఆయనమీద నాకు కోపం ఉండేదని దాచుకోకుండా చెబుతున్నాను. వస్తువుల విలువ తెలియని మనిషి అనుకునేవాణ్ణి. తుడిచే శ్రమ తప్పించుకోవడానికి రంగేశాడని చెల్లెలితో చాలాసార్లు అన్నాను. ఇంటికి వచ్చిన స్నేహితులకు కిటికీలు చూపించి, “లోపల అంతా సాగువాన్ చెక్కే, మా నాయన పుణ్యమా అని ఇలా ఉంది” అని నవ్వేవాణ్ణి. ఆయన వింటూనే ఉండేవారు. ఒక్కసారీ మారు మాట్లాడలేదు.

2022 వేసవిలో ఆ రంగు ఊడదీద్దామని పూనుకున్నాను. పాత ఎనామిల్ రంగుల్లో సీసం కలిసి ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని పది లక్షల్లో 90 వంతులకు మించనీయరాదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందటి రంగును పొడిగా గీకితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది; మంటపెట్టి కాలిస్తే ఆ పొగ ఇంకా చేటు. అందుకని రెక్కలు బందులనుంచి విప్పి డాబామీద పరిచి, రంగు ఊడదీసే మందు పూసి, తడి ఆరనివ్వకుండా రేకుతో గీకి, ఆ పెళ్ళలన్నీ సంచిలో కట్టాను. ముక్కుకు మాస్కు. అప్పటికి ఇంటినిండా అవే కదా. పిల్లలను పైకి రానివ్వలేదు. చైత్రంలో మొదలుపెడితే మృగశిర కార్తె వచ్చేదాకా పట్టింది.

ముందుగది రెండో కిటికీ, ఎడమ రెక్క, కిందినుంచి తొమ్మిదో పట్టీ. పచ్చరంగు కింద తేనెరంగు రాలేదు. తెల్లని చెక్క వచ్చింది. పొరలు కనబడని, గోరు గుచ్చితే దిగే పెట్టెచెక్క. దానిలో మేకులు కొట్టి పీకిన రంధ్రాలు రెండు, వాటిలో లప్పం. కొలత మాత్రం తక్కినవాటితో నూలుపోగు తేడా లేకుండా ఉంది. ములుకులు గుండ్రంగా, నున్నగా చెక్కి ఉన్నాయి. పని తెలిసినవాడు, చేతిలో ఉన్న చెత్తచెక్కతో చేసిన పట్టీ అది.

కిందికి వచ్చి నాయనను అడిగాను. ఆయనకప్పుడు ఎనభయ్యొకటి. పేపరు మడిచి, కళ్ళద్దాలు తీసి, “గిన్నేండ్లకు కనవడ్డదా?” అన్నారు.

1990 డిసెంబరు మీలో చాలామందికి వార్తగానైనా గుర్తుండే ఉంటుంది. పాతనగరంలో అల్లర్లు, కర్ఫ్యూ. ఆ నెలలోనే మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి పదవి వదులుకోగా నేదురుమల్లి జనార్దనరెడ్డి వచ్చారు. నాకు గుర్తున్నది మాత్రం పట్టీల సందుల్లోంచి చూసిన వీధి. పుల్లను ముట్టుకోవద్దని నాయన గట్టిగా చెప్పారు. పట్టీలు కదిలితే లోపల మనుషులున్నట్టు బయటివాళ్ళకు తెలుస్తుందని. కాబట్టి ఏ వాలులో ఉన్నవి ఆ వాలులోనే ఉండగా, కన్ను ఆనించి, అడ్డంగా కోసినట్టు కనబడే గల్లీని చూసేవాళ్ళం. పోలీసు బూట్లు, లాఠీ కొసలు. ఎవరిదో మేక ఒకటి మూడురోజులు ఇష్టారాజ్యంగా తిరిగింది. నాకూ చెల్లెలికీ ఆ మేకంటే ఎంత అసూయగా ఉండేదో చెప్పలేను.

ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ముందుగదిలో పెద్ద చప్పుడైంది. మేం వెనకగదిలో ఉన్నాం. రాయి వచ్చి కడ్డీకి తగిలింది, ఏమీ కాలేదు, అటు పోకండి అన్నారు. మర్నాడో మూడోనాడో సడలింపు రాగానే మేనమామ వచ్చి మమ్మల్నిద్దరినీ జనగామలో అమ్మమ్మగారింటికి తీసుకుపోయాడు. నానమ్మ మంచంలో ఉంది కాబట్టి అమ్మ కదలలేదు. మేం తిరిగి వచ్చింది ఉగాదికి. అప్పటికి కిటికీలన్నీ పచ్చగా ఉన్నాయి.

రాయి కడ్డీకి తగలలేదట. రెండు కడ్డీల మధ్యనుంచి దూసుకొచ్చి పట్టీని విరగ్గొట్టుకుని లోపలికి పడిందట. మారేడుకాయంత రాయి. అమ్మ ఆ కిటికీ కిందే కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. రాయి చాటలోనే పడింది. ఎవరు విసిరారో తెలియదు. ఆ రోజుల్లో తెలుసుకునే వీలూ లేదు.

రెండు గల్లీల అవతల ఒక వడ్రంగి ఉండేవాడు. మేం మిస్త్రీ చాచా అని పిలిచేవాళ్ళం. సడలింపు ఇచ్చిన రెండు గంటల్లో జనమంతా పాలకూ ఉప్పుకూ పరుగెత్తుతుంటే, నాయన ఆయన ఇంటికి వెళ్ళి పిలుచుకొచ్చారు. సాగువాన్ కావాలన్నారట. ఆయన, “దుకానాఁ సబ్ బంద్ హైఁ సాబ్, జో హై వోఇచ్ లగాదేతూఁ” అన్నాడట. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, ఉన్నదేదో అదే పెట్టేస్తానని. వాళ్ళింట్లో పండ్లపెట్టె ఒకటి ఉంటే దాని పలక చీల్చి తెచ్చి, చెక్కి, గంటలో బిగించి, సైరను మోగేలోపల వెళ్ళిపోయాడట.

“పైసలు తీస్కున్నడా?” అని అడిగాను. నా మనసులో ఏదో కథ అల్లుకుంటున్నట్టుంది.

“ఎందుకు తీస్కోడు? పని చేసిండు గద,” అన్నారు నాయన.

“మరి రంగెందుకేశిండ్రు?”

ఆయన కాసేపు ఆగారు. “మీ అమ్మ ఆ గదిల కూసోకపోయేది. అన్నిట్ల నడుమ ఆ తెల్ల పట్టీ కండ్లల్ల పడ్తుండె ఆమెకు. ఎటు పోయినా దాన్నే సూస్తుండె. సాగువాన్ దెచ్చి మార్పిద్దమంటె, ఆ కిడికి ఇప్పనియ్యకపోయేది, ఒక్క దినం గూడ తెరిచి ఉండొద్దనేది. రంగేస్తె అన్నీ ఒక్క తీరుగ ఉంటయి గద, ఏదేదో తెల్వదు. గందుకేశిన. రెండో పూత వేసినంక వచ్చి కూసున్నది.”

“నాకెందుకు చెప్పలేదు నాయినా?”

“నువ్వడగలే గద.”

అమ్మ 2012లో పోయింది. ఆమె ఆ కిటికీ కింద కూర్చుని బియ్యం ఏరడం నేను ఆ తరువాత ఇరవయ్యేళ్ళు చూశాను. ఒక్కోసారి తలెత్తి పట్టీలవంక చూసేది కూడా. ఆ చూపులో నాకేమీ కనబడలేదు. రంగు తన పని తాను చేసినట్టే ఉంది.

మరి ఆ రంగును నేను గీకేశాను. 176లో 175 తేనెరంగులోకి వచ్చాయి. ఒకటి మాత్రం పాలపన్నులా తెల్లగా నిలబడి ఉంది. గదిలోకి వచ్చిన ప్రతివారూ అదేమిటని అడుగుతున్నారు. నూనె పట్టిస్తే కాస్త పసుపుపచ్చగా మారింది గానీ కలవలేదు. పైగా అది టేకు కాదు కాబట్టి పురుగు పట్టే భయమొకటి. ఏటా కింద సన్నని పొడి రాలిందేమోనని వేలితో తడిమి చూసుకోవాలి. టేకుకు తనలోని నూనె తనకు కాపలా. దీనికి ఇన్నేళ్ళూ ఆ పచ్చరంగే కాపలాగా ఉన్నట్టుంది. నాయనను నేను తిట్టుకున్న ఆ రంగే.

2025 జనవరిలో దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేయడానికి ఇళ్ళముందు భాగాలు కూల్చడం మొదలైంది. మా ఇల్లు గల్లీలో లోపలికి ఉంది కాబట్టి గొలుసు కొలత మాదాకా రాలేదు. దుమ్ము మాత్రం వచ్చింది. దీపావళికి ఒకసారి తుడిచే రెక్కలను ఆ ఏడు నాలుగుసార్లు తుడిచాను. గుడ్డకు అంటుకున్నది మామూలు వీధిదుమ్ము కాదు, నూరేళ్ళ సున్నం, వేళ్ళు పొడిబారిపోయాయి.

ఆ కూల్చివేతల్లో వచ్చిన తలుపులూ కిటికీలూ పాత కలప అమ్మేవాళ్ళ దగ్గర గుట్టలుగా పడి ఉన్నాయి. ఒక గుట్టలో మా ఇంటివంటి రెక్క కనబడింది. అదే వెడల్పు, అదే కాలపు టేకు. రెక్క మొత్తం కొనే పని లేదని బేరమాడి రెండు పట్టీలు తెచ్చాను. ఇంటికి తెచ్చి కొలిస్తే కొసలు కాస్త చెక్కితే చాలు, అచ్చంగా సరిపోతుంది. రంగు కూడా కలుస్తుంది. గరుకు కాగితం పెట్టి రుద్దుతుంటే పాత టేకు వాసన గదంతా వచ్చింది.

నాయనకు చూపించాను. ఇప్పుడాయనకు చూపు బాగా తగ్గింది. చేతిలోకి తీసుకుని బొటనవేలితో పొడుగునా రాశారు.

“ఎవల ఇంటిదిది?”

“తెల్వదు నాయినా. రోడ్డుమీది ఇండ్లల్లది.”

“ఊఁ.” పట్టీ నా చేతికిచ్చేశారు. లేచి గోడ పట్టుకుంటూ ముందుగది కిటికీ దగ్గరకు వెళ్ళి, తడుముకుని పుల్ల అందుకుని పైకి నెట్టారు, కిందికి లాగారు. మళ్ళీ పైకి. ఇరవైరెండు పట్టీలూ టపటపమని మూసుకుని తెరుచుకున్నాయి.

“మంచిగనె తిర్గుతున్నది గద,” అన్నారు.

తెచ్చిన రెండు పట్టీలూ అటకమీద ఉన్నాయి. ఈ ఆశ్వయుజంలో అన్నిటితోపాటు తొమ్మిదోదానికీ అవిసెనూనె పట్టిస్తాను. అది మెత్తచెక్క కాబట్టి నూనె ఎక్కువ తాగుతుంది. తక్కినవాటికి ఒక పూత చాలు గానీ దానికి రెండు కావాలి, మధ్యలో ఒక రోజు ఆరనివ్వాలి.